జీతం పెంచమని ఓటేస్తే ఏమవుతుంది? అరిజోనా పాతికేళ్ల అనుభవం

2000 నవంబరు 7న అమెరికా అధ్యక్ష ఎన్నికలు జరిగినప్పుడు, నైరుతి రాష్ట్రమైన అరిజోనా ఓటర్ల చేతికి వచ్చిన బ్యాలట్‌లో జీతాలకు సంబంధించిన రెండు ప్రశ్నలు కూడా ఉన్నాయి. 301వ ప్రపోజిషన్ (ఓటర్ల ముందు పెట్టే ప్రతిపాదనను అక్కడ అలా అంటారు) అమ్మకం పన్నును డాలరుకు 0.6 సెంటు పెంచి, ఆ రాబడిని బడులకు, అందులో కొంత భాగాన్ని నేరుగా ఉపాధ్యాయుల జీతాలకు కేటాయించమని అడిగింది. 302వ ప్రపోజిషన్ రాష్ట్ర చట్టసభ సభ్యుల వార్షిక వేతనాన్ని 24,000 డాలర్ల నుంచి 30,000 డాలర్లకు పెంచమని అడిగింది. ఓటర్లు మొదటిదానికి సరేనన్నారు, రెండోదానికి కుదరదన్నారు. ఉపాధ్యాయుడికి పెంచుతాం, రాజకీయ నాయకుడికి పెంచం అన్న ఆ తీర్పు వినడానికి స్పష్టంగానే ఉంది. ఆ తర్వాత పాతికేళ్లలో జరిగింది మాత్రం అంత తేలిగ్గా అర్థమయ్యేది కాదు. సరేనన్న డబ్బు కొన్నిసార్లు బడికి చేరలేదు. వద్దన్న జీతం వల్ల చట్టసభలో ఎవరు కూర్చోగలరన్నదే మారుతూ వచ్చింది. ఈ చిక్కుముడిలో ఓటరు మాట వినని ప్రభుత్వం ఒక పోగు మాత్రమే. అంతకన్నా బలమైన పోగు, అదే ఓటర్లు అంతకుముందు ఎప్పుడో ఆమోదించి రాజ్యాంగంలో పెట్టిన షరతులు.

తెలుగు పాఠకులకు ఈ పద్ధతి కొత్తగా అనిపించవచ్చు. మన రాష్ట్రాల్లో ఉపాధ్యాయుల జీతాలపై వేతన సవరణ సంఘం సిఫారసు చేస్తుంది, ఫిట్‌మెంట్ ఎంతన్నది ప్రభుత్వం తేలుస్తుంది, అది చాలకపోతే సంఘాలు రోడ్డెక్కుతాయి. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అప్పటికే ఇస్తున్న 27 శాతం మధ్యంతర భృతి కన్నా తక్కువగా 23 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించినప్పుడు ఉద్యోగులు, ఉపాధ్యాయులు ‘చలో విజయవాడ’కు తరలివచ్చిన సంగతి అందరికీ గుర్తుంది. ఎమ్మెల్యేల జీతభత్యాలను మాత్రం రాజ్యాంగం 195వ అధికరణం ప్రకారం శాసనసభే చట్టం చేసుకుని నిర్ణయించుకుంటుంది. 2016లో తెలంగాణ శాసనసభ తన సభ్యుల నెలవారీ జీతభత్యాలను రెండున్నర లక్షల రూపాయలకు పెంచుకున్నది ఆ అధికారంతోనే. ఈ రెండు సందర్భాల్లోనూ ఓటరు ప్రేక్షకుడే. కాబట్టి జీతాల ప్రశ్నను నేరుగా ప్రజల ముందు పెట్టే రాష్ట్రం ఒకటి ఉందంటే, మనకూ అలాంటిదుంటే బాగుండేదన్న కోరిక కలగడం సహజం. ఆ కోరిక కలిగినవారు అరిజోనా అనుభవాన్ని నిదానంగా చూడాలి.

అరిజోనాలో ఒక ప్రశ్న బ్యాలట్ మీదికి రావడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. చట్టసభ తానే ఒక ప్రతిపాదనను ఓటర్లకు పంపవచ్చు. పౌరులు సంతకాలు సేకరించి తమంతట తాము ప్రతిపాదించవచ్చు. సాధారణ చట్టానికైతే అంతకుముందు గవర్నరు ఎన్నికలో పోలైన ఓట్లలో 10 శాతం, రాజ్యాంగ సవరణకైతే 15 శాతం సంతకాలు కావాలి. 2020 నాటికి ఈ సంఖ్యలు 2,37,645, 3,56,467. మూడో దారి చట్టసభ సభ్యుల జీతానికి మాత్రమే ప్రత్యేకం: అయిదుగురు సభ్యుల వేతన కమిషన్ ఒక మొత్తాన్ని సిఫారసు చేస్తే అది తర్వాతి సార్వత్రిక ఎన్నికలో ఓటర్ల ముందుకు వస్తుంది, వాళ్లు ఒప్పుకుంటేనే అమలవుతుంది. సభ్యులు తమ జీతాన్ని తాము పెంచుకునే వీలు లేదు.

దీనికి తోడు ఓటర్ల రెండు పాత తీర్పులను గుర్తుంచుకోవాలి. 1992లో ఆమోదం పొందిన 108వ ప్రపోజిషన్ ప్రకారం చట్టసభ ఏ పన్ను పెంచాలన్నా రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మెజారిటీ ఉండాలి. 1998లో వచ్చిన 105వ ప్రపోజిషన్ ప్రకారం ఓటర్లు ఆమోదించిన చట్టాన్ని చట్టసభ రద్దు చేయలేదు, గవర్నరు తిప్పికొట్టలేడు. సవరించాలంటే నాలుగింట మూడొంతుల మెజారిటీ కావాలి, ఆ సవరణ కూడా మూల చట్టం ఉద్దేశాన్ని ముందుకు తీసుకెళ్లేదే అయ్యుండాలి. 1996లో ప్రజలు ఒప్పుకున్న వైద్య గంజాయి చట్టాన్ని చట్టసభ మరుసటి ఏడాదే నీరుగార్చడం ఈ రక్షణకు నేపథ్యం. ఈ రెండూ కలిసి చట్టసభకు పన్ను పెంచడాన్ని దాదాపు అసాధ్యం చేశాయి, ఓటరు ఒకసారి పెంచితే దాన్ని తీసేయడాన్ని కూడా అసాధ్యం చేశాయి. బడుల డబ్బు గొడవంతా బ్యాలట్ చుట్టూ తిరగడానికి మూలం ఇక్కడ ఉంది.

301వ ప్రపోజిషన్ తెచ్చిన పన్నుకు ఇరవై ఏళ్ల గడువు ఉండేది. బడికి చేరే భాగాన్ని తరగతి గది నిధి అన్న పేరుతో వేరుచేసి, అందులో 20 శాతం ఉపాధ్యాయుల మూల వేతనానికి, 40 శాతం పనితీరును బట్టి ఇచ్చే వేతనానికి, మిగిలిన 40 శాతం తరగతిలో పిల్లల సంఖ్య తగ్గించడం వంటి నిర్దేశిత అవసరాలకు కేటాయించారు. ఇది చాలామందికి తెలిసిన భాగం. అదే ప్రతిపాదనలో అంతగా ఎవరూ పట్టించుకోని మరో షరతు ఉంది: రాష్ట్రం బడులకిచ్చే మూల నిధులను ఏటా ద్రవ్యోల్బణానికి తగ్గట్టు, రెండు శాతం పరిమితికి లోబడి, పెంచుతూ పోవాలి. పన్ను కన్నా ఈ షరతుకే ఎక్కువ విలువ ఉందని తర్వాత తేలింది.

2008 నాటి మాంద్యం అరిజోనాను తీవ్రంగా దెబ్బతీసింది. ఇళ్ల నిర్మాణం మీద ఆధారపడిన రాష్ట్రం అది. అమ్మకం పన్ను రాబడి కుప్పకూలింది. అప్పుడు చట్టసభ ద్రవ్యోల్బణ సర్దుబాటును బడి బస్సుల ఖర్చు వంటి చిన్న పద్దుకు మాత్రమే వర్తింపజేసి, మూల నిధులను ఉన్నచోటే ఉంచేసింది. బడులు కోర్టుకెళ్లాయి. ఓటర్లు ఆమోదించిన సర్దుబాటును చట్టసభ పక్కన పెట్టే వీల్లేదని 2013లో రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు గెలిచినంత మాత్రాన డబ్బు రాలేదు. బకాయి ఎంత, ఎప్పటిలోగా ఇవ్వాలి అన్న బేరసారాలు మొదలై, చివరికి గవర్నరు డగ్ డ్యూసీ హయాంలో రాజీ కుదిరింది, ఆ రాజీ కూడా మళ్లీ బ్యాలట్ మీదికే వచ్చింది. 2016 మే 17న జరిగిన ప్రత్యేక ఎన్నికలో వచ్చిన 123వ ప్రపోజిషన్ అది: పదేళ్లలో 350 కోట్ల డాలర్లు బడులకు ఇవ్వాలి, అందులో ఎక్కువ భాగం రాష్ట్ర భూనిధి నుంచి తీయాలి.

భూనిధి అంటే, రాష్ట్ర ఆవిర్భావానికి ముందు 1910 నాటి చట్టం ద్వారా కేంద్రం బడుల కోసమని ప్రధానంగా ఇచ్చిన లక్షలాది ఎకరాల భూమి అమ్మకాల నుంచి, కౌళ్ల నుంచి పోగయ్యే శాశ్వత నిధి. అప్పటిదాకా ఏటా అందులో రెండున్నర శాతం బడులకు పంచేవారు. 123 దాన్ని పదేళ్లపాటు 6.9 శాతానికి పెంచింది. బడులకు హక్కుగా రావాల్సిన బకాయిని బడుల సొంత నిధిలోంచే తీసి ఇస్తున్నారని, ఇలా చేస్తే రేపటి పిల్లల వాటా తగ్గుతుందని అప్పటి రాష్ట్ర కోశాధికారి జెఫ్ డెవిట్ సహా చాలామంది వ్యతిరేకించారు. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగడం కన్నా ఇప్పుడు చేతికొచ్చేది మేలని ఉపాధ్యాయ సంఘం సమర్థించింది. పది లక్షలకు పైగా ఓట్లు పోలైతే తేడా ఇరవై వేల లోపే. రెండు వాదనల్లోనూ నిజం ఉంది. నాకు మాత్రం, గెలిచిన తీర్పును అమలు చేయించుకోవడానికి బాధితులే మళ్లీ ఓట్లు అడుక్కోవాల్సి రావడం అన్యాయంగానే కనిపిస్తుంది.

ఇంతలో ఉపాధ్యాయుల జీతాలు దేశంలో అట్టడుగు వరుసలోనే ఉండిపోయాయి. 2017లో అరిజోనా ఉపాధ్యాయుడి సగటు జీతం సుమారు 48 వేల డాలర్లు. 2018 వసంతంలో వెస్ట్ వర్జీనియాలో మొదలైన సమ్మెల అల ఇక్కడికీ వచ్చింది. ‘రెడ్ ఫర్ ఎడ్’ అంటూ ఎర్ర చొక్కాలు తొడుక్కున్న వేలాది ఉపాధ్యాయులు ఏప్రిల్ 26న ఫీనిక్స్‌లో రాష్ట్ర చట్టసభ భవనం వైపు నడిచారు. మే 3న బడ్జెట్‌పై సంతకం అయ్యాకే బడులకు తిరిగి వెళ్లారు. ఆ బడ్జెట్‌లో గవర్నరు మాట ఇచ్చిన పథకం, 2020 నాటికి 20 శాతం పెంపు, ఉంది: అప్పటికే ఇచ్చిన ఒక శాతం, తర్వాత వరుసగా తొమ్మిది, అయిదు, అయిదు శాతాలు. అయితే రాష్ట్రం డబ్బును సూత్రం ప్రకారం స్కూల్ డిస్ట్రిక్టులకు, అంటే బడులను నడిపే స్థానిక సంస్థలకు, పంపింది గాని, ప్రతి ఉపాధ్యాయుడి జీతం ఇంత పెంచమని ఆదేశించలేదు. ఒకచోట 20 శాతం దాటింది, మరోచోట చేరలేదు.

ఈ సమ్మె తర్వాత ఉద్యమకారులు స్థిరమైన రాబడి కోసం పౌర ప్రతిపాదన దారి పట్టారు. రెండున్నర లక్షలకు పైగా సంతకాలు సమర్పించారు. అధిక ఆదాయాలపై పన్ను రేటును 4.54 శాతం నుంచి ఎనిమిది, తొమ్మిది శాతాలకు పెంచాలన్నది సారాంశం. సంతకాల కాగితంపై ఉండే వంద పదాల వివరణలో ఈ పెంపును 3.46 శాతం, 4.46 శాతం అని రాశారు. నిజానికి అవి రేటుకు కలిసే పాయింట్లు. పన్ను భారం పెరిగేది సుమారు 76 శాతం, 98 శాతం. అంతేకాక, ఆదాయ శ్లాబులను ద్రవ్యోల్బణంతో సర్దే పద్ధతిని ఈ ప్రతిపాదన మార్చుతున్నా వివరణలో ఆ మాట లేదు. దానివల్ల సామాన్య ఆదాయాల వారిపై కూడా భారం పడే వీలుంది. ఓటర్లను తికమక పెట్టే ప్రమాదం ఉందంటూ 2018 ఆగస్టులో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని బ్యాలట్ నుంచి తొలగించింది. ఎండలో నిలబడి సంతకాలు పోగుచేసిన వారి బాధ నాకు అర్థమవుతుంది. అయినా, పన్ను ఎంత పెరుగుతుందన్న ఒక్క ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పని కాగితం మీద సంతకం అడగకూడదన్న నియమాన్ని కాదనలేం.

2020లో వాళ్లు మళ్లీ వచ్చారు, ఈసారి చాలా జాగ్రత్తగా. 208వ ప్రపోజిషన్ ప్రకారం ఒంటరి వ్యక్తి 2.5 లక్షల డాలర్లకు, దంపతులు 5 లక్షల డాలర్లకు మించి సంపాదించే ఆదాయంపై 3.5 శాతం సర్‌ఛార్జి పడుతుంది. వచ్చిన డబ్బులో సగం ఉపాధ్యాయులు, తరగతి గది సిబ్బంది నియామకాలకు, జీతాలకు. పావు వంతు సహాయక సిబ్బందికి. మిగిలింది కొత్త ఉపాధ్యాయులకు మార్గదర్శకత్వం, వృత్తి విద్య, ఉపాధ్యాయ శిక్షణ విద్యార్థుల ఉపకార వేతనాలు వంటి వాటికి. ఏడాదికి 94 కోట్ల డాలర్లు వస్తాయని ప్రతిపాదకులు, 82.7 కోట్లు వస్తాయని చట్టసభ బడ్జెట్ సిబ్బంది అంచనా వేశారు. చిన్న వ్యాపారాల లాభాలు కూడా యజమానుల వ్యక్తిగత ఆదాయంగానే లెక్కకు వస్తాయి గనుక ఈ పన్ను వ్యాపారాలనే కొడుతుందని, అధిక ఆదాయాలు ఏడాదికో రకంగా ఊగుతాయి గనుక వాటిపై శాశ్వత జీతాలు నిలబెట్టడం ప్రమాదమని వ్యతిరేకులు వాదించారు. రెండో అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. దాదాపు 52 శాతం ఓట్లతో 208 గెలిచింది.

గెలిచిన ఈ ప్రతిపాదన నుంచి ఒక్క డాలరు కూడా బడికి పంపిణీ కాలేదు. ఎందుకన్నది తెలియాలంటే 1980కి వెళ్లాలి. ఆ ఏడాది ఓటర్లు ఆమోదించిన రాజ్యాంగ సవరణ రాష్ట్రంలోని స్కూల్ డిస్ట్రిక్టులన్నీ కలిపి ఏడాదికి ఎంత ఖర్చు చేయవచ్చో ఒక పరిమితి విధించింది. 1979-80 నాటి ఖర్చును ఆధారంగా తీసుకుని విద్యార్థుల సంఖ్య, ద్రవ్యోల్బణం మేరకే దాన్ని పెంచుతారు. చెరువులోకి ఎంత నీరొచ్చినా తూము వెడల్పును మించి పొలానికి పారనట్టు, ఎంత పన్ను వసూలైనా ఈ పరిమితి దాటి బడులు ఖర్చు చేయలేవు. దాటాలంటే ఆ ఏడాదికి చట్టసభ మూడింట రెండొంతుల మెజారిటీతో మినహాయింపు ఇవ్వాలి.

208ని రాసినవారికి ఈ సంగతి తెలియనిది కాదు. అందుకే, ఈ డబ్బును బడులకిచ్చే గ్రాంటుగా భావించాలని, కాబట్టి పరిమితి వర్తించదని ప్రతిపాదనలోనే ఒక వాక్యం పెట్టారు. కాని 208 సాధారణ చట్టం. పరిమితి రాజ్యాంగంలో ఉంది. రాజ్యాంగంలోని ఒక అర్థాన్ని సాధారణ చట్టం మార్చలేదని 2021 ఆగస్టులో రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. పన్ను పెంపునకు మూడింట రెండొంతుల మెజారిటీ అన్న నియమం చట్టసభకే గాని ఓటర్లకు వర్తించదని కూడా అదే తీర్పు తేల్చింది, అంటే ఒక పెద్ద అభ్యంతరం మీద ప్రతిపాదకులే గెలిచారు. అయితే వసూలయ్యే డబ్బు ఖర్చు పరిమితిని మించేటట్టయితే చట్టం నిలవదని, ఆ లెక్క తేల్చమని కేసును కింది కోర్టుకు పంపింది. పరిమితి దాటుతుందని 2022 మార్చిలో, ఫీనిక్స్ నగరం ఉన్న మారికోపా కౌంటీ కోర్టు నిర్ణయించి 208ని కొట్టేసింది.

ఇక్కడ నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలచివేసే విషయం ఒకటుంది. ఇదే సమస్య ఇరవై ఏళ్ల ముందు వచ్చింది, పరిష్కారం కూడా దొరికింది. 2000లో 301 గెలిచాక, ఆ డబ్బుకూ ఖర్చు పరిమితి అడ్డం వస్తుందని గుర్తించి 2002లో 104వ ప్రపోజిషన్ ద్వారా రాజ్యాంగాన్నే సవరించి ఆ పన్ను రాబడికి మినహాయింపు ఇచ్చారు. ఓటర్లు ఒప్పుకున్నారు. 2018లో ఆ పన్ను గడువును చట్టసభ 2041 దాకా పొడిగించినప్పుడు, పాత మినహాయింపు పొడిగించిన పన్నుకు వర్తించకుండా పోయింది. ఫలితంగా 2021-22 విద్యా సంవత్సరంలో బడులు పరిమితిని సుమారు 115 కోట్ల డాలర్ల మేర దాటే పరిస్థితి వచ్చింది. డబ్బు ఖాతాల్లో ఉంది, బడ్జెట్‌ను ఆమోదించింది ఆ చట్టసభే, అయినా మినహాయింపు ఇవ్వకపోతే విద్యా సంవత్సరం మధ్యలో భారీ కోతలు పెట్టాల్సి వచ్చేది. 2022 ఫిబ్రవరిలో, మార్చి ఒకటి గడువుకు కొద్ది రోజుల ముందు, చట్టసభ మినహాయింపు ఇవ్వడంతో ఆ ఏడాదికి మాత్రం గండం గట్టెక్కింది.

208ని రాజ్యాంగ సవరణగా తెచ్చి ఉంటే ఈ అడ్డంకి ఉండేది కాదు. దానికి మరో లక్షా ఇరవై వేల దాకా సంతకాలు కావాలి, అంటే ఇంకా డబ్బు, ఇంకా మనుషులు, అదీ కరోనా ఏడాదిలో. ఆ లెక్కను తేలిగ్గా చూడలేం గాని, దాని పర్యవసానం ఎంత ఖరీదైనదో చూశాం. ఈలోపు చట్టసభ ఊరికే కూర్చోలేదు. 2021లో ఆదాయపు పన్ను శ్లాబులను తీసేసి 2.5 శాతం ఏకరీతి రేటుకు దారి వేసింది. చిన్న వ్యాపార ఆదాయాన్ని సర్‌ఛార్జి తగలకుండా వేరుగా చూపించుకునే వీలు కల్పించింది. ఆ పన్ను కోతను ప్రజాతీర్పుకు పెట్టాలని మళ్లీ సంతకాలు సేకరించారు. ప్రభుత్వ నిర్వహణకు సంబంధించిన రాబడి చట్టాలను అలా నిలిపి ఓటుకు పెట్టే హక్కు లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పడంతో ఆ దారీ మూసుకుపోయింది.

పక్కన ఓక్లహోమాను పెట్టి చూస్తే ఈ కథ మరో రకంగా అర్థమవుతుంది. అక్కడ 2016లో అమ్మకం పన్నును ఒక శాతం పెంచి ప్రతి ఉపాధ్యాయుడికి 5,000 డాలర్ల పెంపు ఇవ్వాలన్న 779వ ప్రశ్నను దాదాపు 59 శాతం ఓటర్లు తిరస్కరించారు. సరిగ్గా రెండేళ్లు తిరగకుండానే, సమ్మె హెచ్చరిక నెత్తిమీద ఉండగా, అదే రాష్ట్ర చట్టసభ నాలుగింట మూడొంతుల మెజారిటీ కూడగట్టుకుని పన్నులు పెంచి సగటున 6,100 డాలర్ల పెంపు ఇచ్చింది. ఓటరు కాదన్నచోట జీతం పెరిగింది, అవునన్నచోట ఆగిపోయింది. కాబట్టి బ్యాలట్ ఫలితం చూసి ఉపాధ్యాయుడి జీతాన్ని ఊహించడం పొరపాటు.

అరిజోనాలో ఉపాధ్యాయుడి జీతపు చీటీ తయారయ్యేది రాష్ట్ర రాజధానిలో కాదు. రెండు వందలకు పైగా ఉన్న స్కూల్ డిస్ట్రిక్టుల ఎన్నికైన బోర్డులు ఎవరికి వారే జీతాల పట్టిక ఆమోదిస్తాయి. వీటికీ సొంత బ్యాలట్ ఉంది: స్థానిక ఓటర్లు ఒప్పుకుంటే డిస్ట్రిక్టు తన నిర్వహణ బడ్జెట్‌ను 15 శాతం దాకా మించి ఖర్చు చేయవచ్చు, ఆ అదనపు మొత్తం స్థానిక ఆస్తి పన్ను నుంచి వస్తుంది. దీన్ని ఓవర్‌రైడ్ అంటారు. ఏడేళ్లు నడుస్తుంది, మొదటి అయిదేళ్లు పూర్తిగా, ఆరో ఏట మూడింట రెండొంతులు, ఏడో ఏట మూడో వంతు. అందుకే బోర్డులు అయిదో ఏడు ముగిసేలోగానే మళ్లీ ఓటు అడుగుతాయి. రెండు పక్కపక్క డిస్ట్రిక్టుల్లో ఒకే అనుభవం ఉన్న ఇద్దరు ఉపాధ్యాయుల జీతాల మధ్య వేల డాలర్ల తేడా రావడానికి ఈ ఓటు పెద్ద కారణం. ఫీనిక్స్ శివార్లలోని చాండ్లర్, గిల్బర్ట్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలావరకు పిల్లల బడిని చూసి ఇల్లు ఎంచుకుంటాయి. పౌరసత్వం వచ్చిన వారికి, అధ్యక్ష ఎన్నికల హడావుడి లేని ఏడాది నవంబరులో తపాలాలో వచ్చే ఆ చిన్న బ్యాలట్ పిల్లల టీచరు ఉంటుందా వెళ్లిపోతుందా అన్నదాన్ని రాష్ట్రస్థాయి ప్రపోజిషన్ల కన్నా ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఆస్తి విలువలు తక్కువగా ఉన్న గ్రామీణ డిస్ట్రిక్టుల్లో అదే 15 శాతం రాబట్టడానికి పన్ను రేటు ఎక్కువ పెట్టాలి, కాబట్టి అక్కడ ఓవర్‌రైడ్ నెగ్గడమూ కష్టమే, ఉపాధ్యాయుడు నిలవడమూ కష్టమే.

ఇక చట్టసభ సభ్యుల సంగతి. 1998లో 15,000 నుంచి 24,000 డాలర్లకు పెంచడానికి ఓటర్లు ఒప్పుకున్నారు. అదే చివరిది. 2000లో 30,000, 2006లో 36,000, 2008లో మళ్లీ తగ్గించి 30,000, 2014లో 35,000 అడిగారు. ప్రతిసారీ ఓడిపోయింది, 2014లోనైతే మూడింట రెండొంతుల మంది వద్దన్నారు. ఇక్కడ ఒక చిన్న లెక్క వేయాలి. 1998 నాటి 24,000 డాలర్ల కొనుగోలు శక్తి 2014కి వచ్చేసరికి దాదాపు 34,800 డాలర్లతో సమానం. అంటే 2014లో ఓటర్లు తిరస్కరించినది పెంపు కాదు; పదహారేళ్ల ముందు తాము ఒప్పుకున్న జీతాన్నే కొత్త ధరల్లో చెల్లించడం. బ్యాలట్ మీద మాత్రం ఆ సంగతి కనిపించదు, 24 వేలు 35 వేలవుతుందనే కనిపిస్తుంది. 2024 ధరల్లో చూస్తే ఆ పాత జీతం సుమారు 46 వేలతో సమానం. తొంభై మంది సభ్యులు అందుకుంటూ వచ్చింది మాత్రం ఆ 24 వేలే.

సభ్యత్వం పూర్తికాల ఉద్యోగం కాదు, రైతులు, వ్యాపారులు, ఉపాధ్యాయులు తమ పనులు చేసుకుంటూ ఏడాదిలో కొన్ని నెలలు వచ్చి చట్టాలు చేయాలి, కాబట్టి గౌరవ వేతనం చాలన్నది వ్యతిరేకుల వాదన. ఆ ఆదర్శం మంచిదే. కాని సమావేశాలు జనవరిలో మొదలై వంద రోజుల్లో ముగియాలన్న ఉద్దేశం తరచూ ఉద్దేశంగానే మిగులుతోంది. 2023లో అవి జులై 31 దాకా సాగాయి. అన్ని నెలలు సెలవిచ్చే యజమాని ఉన్నవారు, పింఛను వచ్చేవారు, సొంత ఆస్తి ఉన్నవారు, జీవిత భాగస్వామి సంపాదన మీద ఇల్లు గడిచేవారు మాత్రమే 24 వేలతో ఆ పదవిని మోయగలరు. తరగతి గదిలో పాఠం చెప్పే ఉపాధ్యాయుడు జనవరిలో బడి వదిలి రావడం దాదాపు అసాధ్యం. ఉపాధ్యాయుల జీతాలను నిర్ణయించే సభలో పనిచేస్తున్న ఉపాధ్యాయులు అరుదుగా కనిపించడానికి ఈ చిన్న అంకె కూడా ఒక కారణమని నా అభిప్రాయం. ఇంకో సంగతి, జీతం మూసుకుపోతే డబ్బు పక్కదారి వెతుక్కుంటుంది: 2021లో చట్టసభ, మారికోపా కౌంటీ బయటి నుంచి వచ్చే సభ్యుల రోజువారీ భత్యాన్ని కేంద్ర ప్రభుత్వ రేటుకు పెంచుకుంది. దూరం నుంచి వచ్చి ఫీనిక్స్‌లో గది అద్దెకు తీసుకునేవారికి అది న్యాయమే, కాని ఓటరు అనుమతి అవసరం లేని మార్గంలో వచ్చిన న్యాయం.

ఆర్కెన్సా మరో మార్గం పట్టింది. 2014లో అక్కడి ఓటర్లు ఒక రాజ్యాంగ సవరణ ద్వారా సభ్యుల జీతాలు నిర్ణయించే అధికారాన్ని స్వతంత్ర పౌర కమిషన్‌కు ఇచ్చారు. ఆ కమిషన్ మరుసటి ఏడాది 15,869 డాలర్ల జీతాన్ని 39,400 డాలర్లు చేసింది. సభ్యులు తమ జీతాన్ని తాము పెంచుకోకూడదు, ఓటరు ప్రతి అంకె మీదా ఓటేయనక్కర్లేదు అన్న రెండు సూత్రాలూ ఇందులో ఉన్నాయి. నేను సమర్థించేది ఈ పద్ధతినే, ఒక్క పెద్ద అభ్యంతరంతో: ఆ సవరణలో నైతిక నియమావళిని, పదవీకాల పరిమితుల సడలింపును, జీతాల కమిషన్‌ను ఒకే ప్రశ్నలో కట్టగట్టి అడిగారు. దేనికి ఓటేస్తున్నాడో ఓటరుకు విడివిడిగా తెలియాలి. భారత పార్లమెంటు 2018లో ఎంచుకున్న దారి ఇంకా సూటిగా ఉంది: ఎంపీల జీతాలు అయిదేళ్లకోసారి ద్రవ్యోల్బణాన్ని బట్టి వాటంతటవే సర్దుకుంటాయి, ఆ ప్రకారమే 2023 ఏప్రిల్ నుంచి వర్తించేలా నెలకు లక్ష నుంచి 1.24 లక్షల రూపాయలైనట్టు 2025లో ప్రకటించారు. ఆశ్చర్యం ఏమిటంటే 301 బడుల మూల నిధులకు పెట్టిందీ ఇలాంటి సూత్రమే, మాంద్యంలో బడుల హక్కును కోర్టులో నిలబెట్టిందీ అదే. అంకె మీద కాకుండా సూత్రం మీద ఓటు అడిగినప్పుడు ఓటరు తీర్పు ఎక్కువ కాలం బతికింది.

123వ ప్రపోజిషన్ పదేళ్ల గడువు 2025 జూన్‌తో తీరిపోయింది. భూనిధి నుంచి వచ్చే వాటా పాత రెండున్నర శాతానికి పడిపోగా, ఆ లోటును రాష్ట్రం తన సాధారణ నిధి నుంచి పూడ్చింది. గడువు పొడిగించాలంటే మళ్లీ ఓటర్ల అనుమతి కావాలి. 2025 సమావేశాల్లో దానిపై రెండు పార్టీల మధ్య ఒప్పందం కుదరలేదు. డబ్బునంతా అర్హులైన ఉపాధ్యాయుల జీతాలకే కట్టేయాలని రిపబ్లికన్ నాయకులు, సహాయక సిబ్బందిని, బడి భవనాలను కూడా చేర్చాలని గవర్నరు కేటీ హాబ్స్ పట్టుబట్టారు. ప్రైవేటు బడి ఫీజులకు ప్రభుత్వ సొమ్ము ఇచ్చే పథకానికి అదే ప్రతిపాదనలో రాజ్యాంగ రక్షణ కల్పించాలన్న డిమాండ్ కూడా మధ్యలో వచ్చి చేరింది. 1980 నాటి ఖర్చు పరిమితి రాజ్యాంగంలో అలాగే ఉంది.